రెండోసారి చాక్లెట్ సిస్ట్ ఆపరేషన్ తర్వాత ఏఎంహెచ్ 1.1 వచ్చింది: పిల్లల కోసం ఎప్పుడు మొదలుపెట్టాలి?

తిరుచానూరు_అక్క:
మా చెల్లికి 29 ఏళ్లు. పెళ్లయి రెండేళ్లు, ఇంకా పిల్లల్లేరు. ఎడమ అండాశయంలో 6 సెంటీమీటర్ల చాక్లెట్ సిస్ట్ (ఎండోమెట్రియోసిస్ వల్ల పాత రక్తం నిండిన గడ్డ) ఉంటే లాపరోస్కోపీలో తీశారు, మూడు వారాలైంది. 2022లోనూ అదే వైపు తీశారు. ఆపరేషన్‌కు ముందు ఏఎంహెచ్ (అండాల నిల్వ చూసే రక్తపరీక్ష) 2.0, మొన్న చేయిస్తే 1.1. డైనోజెస్ట్ 2 మిల్లీగ్రాముల మాత్ర రోజూ వేసుకోమన్నారు. అది వేసుకుంటూ పిల్లల కోసం చూడొచ్చా? అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతామని మొక్కు కూడా ఉంది, ఇంట్లో తొందరపెడతా ఉన్నారు.

గైనిక్_ఓపీ:
ముందు ఆ 1.1 చూసి బెంబేలు పడొద్దండి. ఆపరేషన్ దెబ్బకు అంకె పడిపోతుంది, కొందరిలో నెలల మీద కొంత తిరిగి పెరుగుతుంది. మూడు వారాలకే చేసిన పరీక్షతో ఏ నిర్ణయమూ వద్దు. 3 నెలలకు ఒకసారి, అవసరమైతే 6 నెలలకు మళ్లీ, అదే ల్యాబ్‌లో చేయించండి. ల్యాబ్ మారితే పద్ధతి మారుతుంది, రెండు అంకెలూ పోల్చలేం. నెలసరి 2 లేదా 3వ రోజు లోపలి స్కాన్ చేయించి, రెండు వైపులా 2 నుంచి 10 మి.మీ. ఫాలికిల్స్ (అండాలుండే చిన్న బుడగలు) ఎన్నున్నాయో లెక్క రాయమనండి. మిగిలిన అండాలు సుమారు ఎన్నో ఏఎంహెచ్ చెబుతుంది. గర్భం వస్తుందా రాదా అన్నది చెప్పదు.

తగ్గడానికి కారణం సిస్ట్ గోడలోనే ఉంది. డెర్మాయిడ్ అనే ఇంకో రకం గడ్డ అయితే పండిన మామిడి తొక్కలాగా పొర చక్కగా విడివడుతుంది. చాక్లెట్ సిస్ట్ అట్ల రాదు. దోరకాయ తొక్క లాగితే కండ కూడా ఊడి వచ్చినట్టు, పొరతో పాటు అండాలున్న మంచి కణజాలం కొంత వచ్చేస్తుంది. రక్తం ఆపడానికి కరెంటుతో కాలిస్తే ఇంకొంత పోతుంది. రెండోసారి అదే వైపు అంటే నష్టం ఇంకా ఎక్కువ. అందుకే మూడోసారి ఎవరైనా ఆపరేషన్ అంటే వెంటనే సరే అనకండి. క్యాన్సర్ అనుమానం, ఓర్చుకోలేని నొప్పి, ఐవీఎఫ్‌లో అండాలు తీయడానికి సిస్ట్ అడ్డు రావడం లాంటివి ఉంటే వేరే సంగతి. ఐవీఎఫ్‌కు ముందు ఊరికే సిస్ట్ తీయించుకున్నంత మాత్రాన గర్భం వచ్చే అవకాశం పెరగదు.

డైనోజెస్ట్ సిస్ట్ తిరిగి రాకుండా ఆపే మందు. వేసుకున్నన్నాళ్లూ మామూలుగా అండం విడుదల కాదు. పిల్లల కోసం చూస్తూ వేసుకునేది కాదు. వెంటనే పిల్లలు కావాలని డాక్టరమ్మకు గట్టిగా చెప్పారా? చెప్పకుంటే ఆ చీటీ అట్లే రాస్తారు. అడిగి తేల్చుకోండి, మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు.

ఓటీ_సిస్టర్:
కోలుకోవడం గురించి నేను చెప్తా. కడుపులోకి ఎక్కించిన గ్యాస్ వల్ల భుజం నొప్పి రెండు మూడు రోజుల్లో పోయి ఉండాలి. ఆపరేషన్ నొప్పి రోజురోజుకీ తగ్గాలి. తగ్గుతున్నది మళ్లీ పెరిగినా, 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా, కడుపు ఉబ్బినా, వాంతులు ఆగకున్నా, మూత్రం తగ్గినా ఆ రాత్రే ఆసుపత్రికి పోవాలి, తెల్లారనీలే అనుకోవద్దు. పేగుకు, మూత్రనాళానికి తగిలిన గాయం కొన్ని రోజుల తర్వాత బయటపడొచ్చు.

పత్యం అని నీళ్లు తగ్గించి, కూరలు మాన్పించి, కారప్పొడి అన్నమే పెడతారు కదా, అది మాన్పించండి. మలబద్ధకం వచ్చి ముక్కితే కుట్ల దగ్గర ఒత్తిడి పడుతుంది. ఆకుకూర, పప్పు, మజ్జిగ అన్నీ పెట్టొచ్చు. 20 లీటర్ల వాటర్ క్యాన్, నిండు బిందె ఆరు వారాల వరకు ఎత్తనీయొద్దు. అలిపిరి 3,550 మెట్లు కూడా అప్పటిదాకా వాయిదా వేసుకోండి. కొండ ఎక్కడికీ పోదు. మామూలు నడక మాత్రం రోజూ ఉండాలి.

తిరుచానూరు_అక్క:
చానా ధన్యవాదాలు. నిన్నటి స్కాన్‌లో కుడి వైపు 3 సెం.మీ. సిస్ట్ అని రాశారు. మళ్లీ వచ్చేసిందా? ఇంగా మందు మొదలుపెట్టలేదు.

గైనిక్_ఓపీ:
నెలసరి ఎన్నో రోజున తీశారు? అండం విడుదలైన చోట 2, 3 సెంటీమీటర్ల బుడగ సహజంగా ఏర్పడుతుంది, అందులో రక్తం చేరితే స్కాన్‌లో అచ్చం చాక్లెట్ సిస్ట్‌లాగే కనిపిస్తుంది. 6 నుంచి 8 వారాల తర్వాత నెలసరి రోజులు ముగిసిన వెంటనే మళ్లీ చూపించండి. కరిగిపోతే అది మామూలు బుడగే. అప్పటివరకు తట్టుకోలేని నొప్పి, వాంతులు ఉన్నట్టుండి వస్తే అండాశయం మెలి తిరిగిందేమో చూడాలి, వెంటనే వెళ్లండి.

ఆపరేషన్ నోట్స్, బయాప్సీ రిపోర్టు కాపీలు ఇప్పుడే తీసి పెట్టుకోండి. ట్యూబులు తెరిచి ఉన్నాయా, చివరి వేళ్లలాంటి భాగం బాగుందా, కుడి అండాశయం ఎట్లుంది, ఈఎఫ్‌ఐ స్కోరు (ఎండోమెట్రియోసిస్ ఆపరేషన్ తర్వాత సహజంగా గర్భం వచ్చే అవకాశానికి 10కి వేసే మార్కులు) ఎంత, ఇవి అందులో ఉండాలి. ఆ స్కోరు బాగా ఎక్కువగా ఉంటే, డాక్టరు ఒప్పుకుంటే, 6 నెలలు సహజంగా ప్రయత్నించొచ్చు. తక్కువ ఉంటే ఆగకుండా ఐవీఎఫ్ గురించి మాట్లాడటం మేలు. ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు ఇప్పటి నుంచే వేసుకోవచ్చు.

ఫలితం_రూమ్:
అందరూ మర్చిపోయేది, మీ మరిదిగారి వీర్య పరీక్ష. 2 నుంచి 7 రోజులు కలయిక లేకుండా ఉండి ఇవ్వాలి. ఈ వారమే చేయించండి. అందులో లోపం తేలితే ఆ ఆరు నెలలు ఎదురుచూడటం వృథా. అండాశయాల పనిని తాత్కాలికంగా ఆపే, నెలకొకటి వేసే ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్ ఎవరైనా మూడు నెలలు రాస్తే ఎందుకని అడగండి. ఆపరేషన్ తర్వాత సహజంగా ప్రయత్నించే వాళ్లకు అది అవకాశం పెంచదు, మూడు నెలలు పోతాయి. ఐవీఎఫ్‌కు ముందు వేరే కారణంతో ఇస్తే మాత్రం డాక్టరుతో మాట్లాడాకే నిర్ణయించుకోండి.