సోబెల్ (బొమ్మలో అంచులు పట్టే ఫిల్టర్) వేస్తే అక్షరాలకి కుడి అంచులే వస్తున్నాయి, ఎడమవి ఏమైపోతున్నాయి??

నిద్రలేదు:
పొద్దుట్నుంచి దీంతోనే కూర్చున్నా, బుర్ర పనిచేయట్లేదు. చేతిరాత నోట్సు స్కాన్ చేసి, అక్షరాల అంచులు పట్టుకుందామని గ్రేస్కేల్ చేసి ఓపెన్‌సీవీలో (బొమ్మల పనికి వాడే కోడ్ లైబ్రరీ) సోబెల్ ఎక్స్, అంటే నిలువు అంచులు పట్టేది, వేశా. ప్రతి నిలువు గీతకీ కుడిపక్క అంచు తెల్లగా భలే వస్తోంది, ఎడమపక్కది జాడ లేదు. ఇమేజ్‌ని అద్దంలోలా తిప్పి చూశా, అప్పుడూ కుడివే! కెర్నల్ (పిక్సెళ్ల మీద జరిపే చిన్న అంకెల పట్టిక) సైజు 3 పెట్టా, 5 పెట్టా, 7 పెట్టా, కాంట్రాస్ట్ పెంచా, ఊహూ. కోడ్ అందరూ రాసేదే, కొత్తగా ఏం లేదు. ఎవరైనా చెప్పండి బాబూ.

ముక్కుసూటి:
అవుట్‌పుట్ డెప్త్ ఎంత ఇచ్చారు, పిక్సెల్‌కి ఎన్ని బిట్లు?

జేపెగ్‌వైరి:
స్కాన్ అన్నారు గానీ ఏ ఫార్మాట్లో సేవ్ చేశారో చెప్పలేదు. జేపెగ్ అయితే మాత్రం అక్కడే చెడింది. ఇమేజ్‌ని 8×8 గడులుగా కోసి దేనికది విడిగా కుదిస్తుంది, మామూలుగా చూస్తే తెలీదు గానీ అంచుల ఫిల్టర్ వేశారా, గళ్ల దుప్పటి పరిచినట్టు లేస్తుంది. తర్వాత పీఎన్‌జీ చేసినా పోయింది పోయినట్టే, మళ్లీ స్కాన్ చేసుకోవాల్సిందే. ఎన్నిసార్లు మొత్తుకున్నా ఎవరూ వినరు.

నిద్రలేదు:
పీఎన్‌జీనే అండి. నా బాధ గళ్లు కాదు, ఎడమ అంచులు.

గణితప్రియ:
అందరూ కాన్వల్యూషన్ (కెర్నల్‌ని తిప్పి వేయడం) అనేస్తారు గానీ ఓపెన్‌సీవీలో ఫిల్టర్‌టూడీ చేసేది కోరిలేషన్, కెర్నల్‌ని తిప్పదు. గాసియన్ (బొమ్మని మసకచేసే ఫిల్టర్) అటూ ఇటూ ఒకేలా ఉంటుంది కాబట్టి దానికి తేడా తెలీదు, సోబెల్‌కి మాత్రం ప్లస్సు మైనస్సు తారుమారవుతాయి. కెర్నల్ మీరే రాసి, తిప్పి వేసి చూడండి.

నిద్రలేదు:
తిప్పా, ఎడమవి వచ్చాయి!! ఇప్పుడు కుడివి పోయాయి 😭

వడపోత:
ఫిల్టర్‌ని చక్కగా వడపోత అనొచ్చు కదా.

గణితప్రియ:
వడపోత అంటే ఏదో ఒకటి తీసేయాలి. సోబెల్ ఏం తీసేస్తోంది?

వడపోత:
మార్పు లేని చోటంతా తీసేస్తోంది, మిగిలిన పిప్పే మీ అంచులు 😄

ముక్కుసూటి:
డెప్త్??

నిద్రలేదు:
సారీ, చూసుకోలేదు. -1 ఇచ్చా, ఇన్‌పుట్ ఎలా ఉంటే అలా అనే కదా అర్థం. చివర్లో కన్వర్ట్‌స్కేల్‌ఆబ్స్ (మైనస్ గుర్తు తీసేసేది) కూడా వేస్తున్నా, కాబట్టి మైనస్‌ల గొడవ ఉండకూడదు.

పాతకాపు:
ఉంది, అక్కడే ఉంది. మీ ఇన్‌పుట్ 8 బిట్, అంటే 0 నుంచి 255, మైనస్ అన్నదే దానికి తెలీదు. సోబెల్ ఎక్స్ కుడి కాలమ్‌లోంచి ఎడమ కాలమ్ తీసేస్తుంది, 1, 2, 1 బరువులతో. కాగితం 250, ఇంకు 30 అనుకోండి. గీతకి ఎడమపక్క, తెలుపులోంచి నలుపులోకి దిగేచోట 4 × (30 − 250) = −880, అది 0 అయి కూర్చుంటుంది. కుడిపక్క +880, అది 255 దగ్గర ఆగుతుంది. అందుకే బొమ్మ తిప్పినా కుడివే వచ్చాయి. సున్నా అయిపోయాక ఆబ్సల్యూట్ తీసి ఏం లాభం? డెప్త్ 16ఎస్ (మైనస్‌లూ పట్టే 16 బిట్) ఇవ్వండి, ఆబ్స్ ఆ తర్వాత. కెర్నల్ 3కి ±1020 దాటదు కాబట్టి 16 చాలు, 7 వేస్తే మాత్రం 1,63,200 దాకా పోతుంది, అప్పుడు 32ఎఫ్ (దశాంశాలూ పట్టే 32 బిట్).

గణితప్రియ:
నేను చెప్పిందీ అదే కదా, ప్లస్సు మైనస్సు అని.

ముక్కుసూటి:
నేను మొట్టమొదటే అడిగా.

నిద్రలేదు:
వచ్చాయి!! రెండు పక్కలా. ఇంత చిన్నదానికి రోజంతా పోయింది. ఇంకోటి, కాగితం మీద నల్ల చుక్కలున్నాయి, వాటికీ అంచులొస్తున్నాయి, ముందు గాసియన్ వేయనా?

పాతకాపు:
చుక్కలకి మీడియన్. 3×3 కిటికీలో 248, 250, 249, 0, 251, 250, 247, 250, 249 ఉన్నాయనుకోండి, సగటు తీస్తే ఆ ఒక్క 0 వల్ల 222 అవుతుంది, చుక్క పోదు, అలుక్కుంటుంది. గాసియన్‌దీ అదే వరస. వరసలో పేర్చి నడిమిది తీస్తే 249, చుక్క మాయం. కాకపోతే మీ గీతలు 1 పిక్సెల్ మందమే ఉంటే 9లో 3 మాత్రమే నలుపు, నడిమిది తెలుపే వస్తుంది, తలకట్లన్నీ చుక్కలతోపాటే ఎగిరిపోతాయి. గీత మందం ఎంత?

నిద్రలేదు:
జూమ్ చేసి చూడాలి. పొద్దున చెప్తా, థాంక్స్ అందరికీ.

జేపెగ్‌వైరి:
స్కానర్ లోపలే జేపెగ్ చేసి పైకి పీఎన్‌జీ అని ఇస్తోందేమో, అదీ చూస్కోండి.