మందుకు ధర ఎవరి సంపాదన చూసి కట్టాలి?

కొల్లేటి కొంగ:
పోయినేడాది మా మేనమామకు ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడింది. రాసిన ఇంజెక్షను డోసు లక్షన్నర, మూడు వారాలకొకటి. నాలుగు డోసులకు అరెకరం పోయింది. ఐదోది వేయించలేదు.

అప్పటినుంచి 2012 నాటి నెక్సావర్ కేసు గురించి చదువుతున్నాను. అది కిడ్నీ, లివర్ క్యాన్సర్ల మందు. నెల మాత్రలకు జర్మనీ కంపెనీ బేయర్ పెట్టిన ధర 2.8 లక్షలు. అప్పుడు మన తలసరి ఆదాయం ఏడాదికి 70 వేల లోపే. అంటే నెల మందుకు నాలుగేళ్ల సంపాదన! పేటెంట్ల కంట్రోలర్ మన హైదరాబాద్ మందుల కంపెనీ నాట్కోకు కంపల్సరీ లైసెన్సు, అంటే పేటెంటు ఉన్న కంపెనీ ఒప్పుకోకపోయినా తయారుచేసే అనుమతి, ఇచ్చారు. పేటెంటు బేయర్‌దే, నాట్కో తయారుచేసి అమ్ముకుని 6 శాతం రాయల్టీ కట్టాలి. ధర 9 వేల లోపుకు దిగింది. మన దేశంలో అలాంటి లైసెన్సు ఇవ్వడం అదే మొదటిసారి. ఇలాంటివి ఇంకా ఇవ్వాలా, వద్దా?

ల్యాబ్ కోటు:
కొంగ గారూ, మీ మామయ్య సంగతి చదివి బాధేసింది. నేను రీసెర్చిలో ఉన్నాను కాబట్టి రెండో వైపు చెబుతాను. మనుషులపై ట్రయల్స్ దాకా వచ్చిన పది మందుల్లో తొమ్మిది మధ్యలోనే పోతాయి. ఆ ఖర్చంతా నిలబడిన పదోదే మోయాలి. లైసెన్సులు ఎడాపెడా ఇస్తే కొత్త మందులు మన దగ్గరకు రావడమే ఆలస్యమవుతుంది. పైగా లివర్ క్యాన్సర్ ట్రయల్లో ఆ మాత్ర ఇచ్చింది సుమారు మూడు నెలల ఆయుష్షు. పేద దేశం తన శక్తి పెట్టాల్సింది అక్కడేనా?

మిరపతోట:
మూడు నెలలు తక్కువో ఎక్కువో ఆ ఇంట్లోవాళ్లు చెప్పాలన్నా. అది పక్కన పెడదాం. లివర్ క్యాన్సర్‌కు ఒక పెద్ద కారణం హెపటైటిస్ బి. దాని టీకా దిగుమతి అయినన్నాళ్లూ ఉన్నవాళ్ల పిల్లలకే. 1997లో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ హైదరాబాద్‌లోనే తయారుచేసి ధర బాగా దించింది. ఇప్పుడు సర్కారు దవాఖానాలో పుట్టిన 24 గంటల్లోపే బిడ్డకు ఊరికే వేస్తారు. లైసెన్సుల గొడవ లేకుండానే జరిగింది ఇది.

కొల్లేటి కొంగ:
శాంతా సంగతి కాదనను తమ్ముడూ. కానీ టీకా రేపటి రోగికి, ఇవాళ మంచంలో ఉన్నవాడి మాటేంటి? ల్యాబ్ కోటు గారూ, ఖర్చు ఎవరో ఒకరు మోయాలన్నారు. జర్మనీలో బీమా మోస్తుంది. మా ఇంట్లో మా మరదలు మోసింది. బీటెక్ రెండో ఏడాది ఫీజుకని దాచింది మూడో డోసుకు వెళ్లింది. ఇప్పుడు విజయవాడలో బట్టల షాపులో చేస్తోంది.

ల్యాబ్ కోటు:
దానికి నా దగ్గర జవాబు లేదండీ. ఒకటి ఒప్పుకుంటాను. 2001లో హెచ్ఐవి మందులు ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామని మన దేశపు కంపెనీ సిప్లా ముందుకొచ్చాక ఆఫ్రికాలో పెద్ద కంపెనీలూ ధరలు దించాయి. అంతకు ముందు ఏడాదికి 10 వేల డాలర్ల పైమాటే. పోటీ భయం లేకపోతే ఎవరూ దించరు. అయినా లైసెన్సు కన్నా ముందు ప్రభుత్వమే మొత్తంగా కొంటానని బేరమాడాలన్నది నా వాదన, దాని మీదే ఉంటాను.

మీ మరదలిది జేఎన్‌టీయూ కాలేజీ అయితే రీఅడ్మిషన్ ఉంటుంది, గడువు దాటకముందే ఆఫీసులో అడగమనండి.