మిద్దె మీదికి వాలిన వేపచెట్టు: ఉంచాలా, తీయాలా? తీస్తే ఎట్లా?

కడప_మిద్దె:
ఇంటి ముందు కాంపౌండు లోపల పెద్ద వేపచెట్టు ఉంది. రొమ్ము ఎత్తులో చుట్టుకొలత 190 సెంటీమీటర్లు, ఎత్తు 12 మీటర్ల దాకా ఉంటుంది. మొదట్నుంచీ మిద్దె వైపు కొంచెం వాలుగానే పెరిగింది, ఈమధ్య ఆ వాలు ఎక్కువైందేమోనని అనుమానం. నిరుడు వీధి వైపు కాలువ తవ్వినప్పుడు మొదలుకు మీటరు దూరంలో లావు వేర్లు తెగినాయి. మోకాలెత్తున ఒక తొర్ర ఉంది. చలికాలంలో కొమ్మల చివర్లన్నీ మాడినట్టు ఎండిపోయినాయి. సర్వీసు వైరు కొమ్మల మధ్య నుంచే వస్తుంది, వీధిలో 11 కేవీ లైను ఉంది.

చెట్లు కొట్టేవాళ్లు వచ్చి చూసి, కట్టె మాకే ఇస్తే కూలి వద్దు, మొదట్లో కోసి తాడేసి వీధిలోకి లాగేస్తాం అంటున్నారు. అమ్మకేమో చెట్టు తీయడం అసలు ఇష్టం లేదు. కొమ్మలు తగ్గిస్తే సరిపోతుందా?

వేపనీడ_అనంతపురం:
అన్నా, ఎండిన చివర్లను చూసి నిర్ణయం తీసుకోవద్దు. అది వేపకు వచ్చే ఎండు తెగులు. శిలీంధ్రం వల్ల వస్తుంది, రసం పీల్చే టీ దోమ తోడైతే ఇంకా ముదురుతుంది. 2021 తర్వాత మన రాష్ట్రంలోనూ తెలంగాణలోనూ ఊళ్లకు ఊళ్లే ఎర్రబారినట్టు కనిపించింది దీనివల్లనే. అప్పుడు చచ్చిపోయిందనుకుని కొట్టించిన చెట్లలో చాలా వరకు ఎండాకాలానికి మళ్లీ చిగురించేవే. మీది కూడా ఆ ఒక్క కారణంతో తీయాల్సిన చెట్టు కాదు.

భయపడాల్సింది కింద. చెట్టు మిద్దె వైపు వాలితే దాన్ని వెనక్కి పట్టి ఉంచేవి వీధి వైపు వేర్లు. మీకు తెగినవి సరిగ్గా అవే. కాండం అడ్డకొలతకు మూడింతల దూరం లోపల లావు వేర్లు తెగితే చెట్టు నిలకడ పోయినట్టే లెక్క. 190ని 3.14తో భాగిస్తే అడ్డకొలత 60 సెంటీమీటర్లు, మూడింతలంటే 180. మీకు మీటరు దగ్గరే తెగినాయి. పైగా కడపలో చాలాచోట్ల కొద్ది లోతులోనే నాపరాయి తగులుతుంది. అట్లాంటి చోట వేర్లు కిందికి దిగవు, పళ్లెంలా పైపైనే పరుచుకుంటాయి. కాబట్టి ఒక వైపు తెగితే ఆ నష్టాన్ని లోతు వేరు పూడ్చదు.

ఇవి చూసి చెప్పండి. వీధి వైపు మొదలు చుట్టూ నేల పగిలిందా, ఉబ్బిందా? గాలి వీచేటప్పుడు మొదలు దగ్గర మట్టి కదులుతుందా? (చెట్టు కింద నిలబడకుండా, దూరం నుంచి చూడండి.) మొదట్లో గొడుగు లేకుండా బల్లలా అంటుకున్న పుట్టగొడుగులు ఉన్నాయా? పై కొమ్మ నుంచి మేస్త్రీల తూకంగుండు వేలాడదీసి నేల మీద గుర్తు పెట్టండి. పదిరోజుల తర్వాత, ఒక గాలివాన తర్వాత మళ్లీ చూడండి. చిన్నప్పటి నుంచి వాలిన చెట్టు పైకి పోయేకొద్దీ నిటారుగా తిరుగుతుంది. ఈమధ్య ఒరిగిన చెట్టు అడుగు నుంచి తల దాకా ఒకే గీతలో వాలి ఉంటుంది.

తొర్ర కోసం కట్టె సుత్తితో చుట్టూ కొట్టి వినండి. డొల్లగా మోగిన చోట 6 మిల్లీమీటర్ల సన్న, పొడవు బిట్టుతో డ్రిల్లు వేయండి. గట్టి కట్టె ఉంటే పొట్టు పిడచగా, లేత రంగులో వస్తుంది. పుచ్చు తగిలితే బిట్టు ఒక్కసారిగా లోపలికి దిగుతుంది, పొడి గోధుమరంగులో రాలుతుంది. ప్రతి రంధ్రమూ చెట్టుకు గాయమే, మూడు నాలుగు చాలు. చుట్టూ గట్టి గోడ వ్యాసార్ధంలో మూడో వంతన్నా, అంటే మీ చెట్టుకు 10 సెంటీమీటర్లన్నా ఉండాలి. తొర్ర బయటికి తెరుచుకుని ఉంటే ఆ లెక్క కూడా చాలదు. తొర్రలో సిమెంటు మాత్రం పోయించవద్దు. చెట్టు గాలికి వంగుతుంది, సిమెంటు వంగదు, లోపల తేమ నిలిచి పుచ్చు పెరుగుతుంది.

కడప_మిద్దె:
చూసినా అన్నా. నాలుగు చోట్ల డ్రిల్లు వేస్తే గట్టి కట్టె 12, 11, 7, 5 సెంటీమీటర్లు వచ్చింది. 5 వచ్చింది మిద్దె వైపు. వీధి వైపు మొదలుకు అర మీటరులో వంకరగా నేల చీలింది, వేలు దూరుతుంది. పుట్టగొడుగులు లేవు.

వేపనీడ_అనంతపురం:
అయితే తీయాల్సిందే. పట్టి ఉంచే వైపు వేర్లు లేవు, బరువు మోసే వైపు కట్టె లేదు, నేల చీలింది. పదిరోజుల తూకంగుండు పరీక్ష ఇక అక్కర్లేదు. కొమ్మలు తగ్గిస్తే గాలి ఒత్తిడి తగ్గుతుంది గానీ తెగిన వేర్లు తిరిగి రావు. అమ్మకు ఆ చీలిక చూపించండి, చెప్పడం కన్నా అదే నయం. ఏప్రిల్, మే గాలివానలు మొదలయ్యేలోపే పని అయిపోవాలి. అప్పటిదాకా గాలి లేచిన రోజు ఆ వైపు గదిలో ఎవరినీ పడుకోనివ్వద్దు.

లైన్_క్లియర్_కర్నూలు:
కరెంటు సంగతి నేను చెప్తాను. 11 కేవీ లైను పక్కన ఉండగా చెట్టును వీధిలోకి లాగుతామన్న మాట ఇక వినవద్దు. 1912కు ఫోన్ చేసి, సెక్షను ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారికి రాతపూర్వకంగా ఇవ్వండి. పని రోజు లైన్‌మన్ ఎల్‌సి (లైన్ క్లియర్, అంటే లైను ఆపి పని చేసుకునే అనుమతి) తీసుకుని, లైను ఆపి, ఎర్తింగ్ చేసి ఇచ్చాకే రంపం ముట్టాలి. మెయిన్ స్విచ్ కట్టేస్తే సర్వీసు వైరులో కరెంటు పోదు, స్తంభం దగ్గర విప్పించాలి. వీధిలో ఎవరైనా జనరేటరు సరిగా కలపకపోతే ఆపిన లైనులోకి కూడా కరెంటు వెనక్కి వస్తుంది, అందుకే ఎర్తింగ్ తప్పనిసరి.

మొదట్లో కోసి పడేయడం ఎందుకు వద్దో కూడా చెప్తాను. వాలిన చెట్టును వాలుకు ఎదురు లాగితే, లోపల డొల్ల కాబట్టి పడే దిశను నిలబెట్టే కట్టె ఉండదు. కోత సగంలో కాండం నిలువుగా చీలి, పైకి లేచి కోసేవాడి మీదికే వస్తుంది. తాడు ట్రాక్టరుకు కట్టి గుంజితే ఇంకా అధ్వానం. వేర్లు లేని ఈ చెట్టు మీదికి మనిషిని ఎక్కించడమూ ప్రమాదమే. తాడు కరెంటు స్తంభానికి కట్టడం సరేసరి.

దారి ఒక్కటే. లైను ఆపించి హైడ్రా క్రేన్ పెట్టించండి, కోసేవాళ్లు విడిగా లిఫ్టు బుట్టలో ఉండి పైనుంచి ముక్కలుగా కోయాలి. క్రేన్ కొక్కేనికి వేలాడి మనిషి పైకి పోకూడదు. మిద్దె వైపు కొమ్మలు ముందు తీయాలి, బరువు అటే ఉంది. కొమ్మకు కాండం నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో కింది నుంచి మూడో వంతు లోతు గాటు, దానికి రెండు మూడు సెంటీమీటర్లు బయటగా పై నుంచి కోత. కింద గాటు లేకపోతే కొమ్మ విరిగేటప్పుడు కాండం బెరడును చీల్చుకుంటూ దిగుతుంది. పచ్చి వేపకట్టె ఘనమీటరు దాదాపు టన్ను తూగుతుంది. 30 సెంటీమీటర్ల లావు కొమ్మ మీటరు ముక్క 70 కిలోలు, 60 లావు కాండం మీటరు ముక్క 280 కిలోలు. అందుకే కింది కాండాన్ని అడుగు ముక్కలుగానే దించాలి.

కొమ్మల్లో తేనెపట్టు ఉందేమో ముందురోజే చూడండి. పెద్ద తేనెటీగలు మిషన్ రంపం అదురుకే లేస్తాయి, పైన ఉన్నవాడికి దూకే చోటుండదు. కూలి డబ్బుగానే ఇవ్వండి, కట్టె మీరే అడితికి అమ్ముకోండి. కట్టె మీద ఆశ పెట్టుకున్నవాడు పెద్ద దుంగ కోసమే కోస్తాడు, ముక్కలు చేయడు.

వేపనీడ_అనంతపురం:
అనుమతి మాట మిగిలింది. 2002 వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) ప్రకారం సొంత స్థలంలోని చెట్టుకైనా ముందు అనుమతి కావాలి. దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలో మున్సిపల్ ఆఫీసులో కనుక్కుని ఇచ్చి, చీలిక, తొర్ర, తెగిన వేర్ల ఫోటోలు జతపరచండి, ముట్టినట్టు కాగితం తీసుకోండి. మీ పక్కింట్లోనో మరెక్కడో ఎర్రచందనం ఉంటే అది వేరే కథ, పట్టా స్థలంలోదైనా అటవీశాఖ అనుమతి లేకుండా రంపం పెట్టకూడదు.

మొద్దును జేసీబీతో పెళ్లగించవద్దు, కాంపౌండు గోడ పునాది కూడా లేచివస్తుంది. చుట్టూ మట్టి తీసి, నేలకు జానెడు కిందికి కోయించి మట్టి కప్పండి. వేప మొదలు నుంచి మళ్లీ చిగుళ్లు వేస్తుంది, రెండు మూడు వారాలకోసారి చేత్తో గిల్లేస్తే కొన్నాళ్లకు ఆగిపోతుంది.

నల్లరేగడి_ఆదోని:
ఇది చదివే కర్నూలు వైపు వాళ్లకు ఒక మాట. నల్లరేగడిలో పెద్ద చెట్టు తీసేస్తే అది పీల్చే నీళ్లు నేలలోనే నిలిచి, రేగడి ఉబ్బి గోడలు పగలొచ్చు. పునాదికి ఐదారు మీటర్ల లోపల పెద్ద చెట్టు ఉండి, ప్రమాదం తక్షణం కాకపోతే, రెండు మూడేళ్ల పాటు తల తగ్గిస్తూ వచ్చి ఆఖర్న తీయండి. మిద్దె మీది వాననీళ్లు చెట్టు తీసిన గుంతలోకి దిగకుండా పైపు మళ్లించండి.