అప్‌డేట్: 9 ఎం.ఎం. సీసం బుల్లెట్లు, బ్యారెల్లో సీసం పట్టడం - కారణం దొరికింది

సలహాలిచ్చిన వాళ్లందరికీ థాంక్స్. కొత్తగా చూసేవాళ్ల కోసం: ఇంట్లో సీసం కరిగించి అచ్చుల్లో పోసి, వ్యాసం 0.356 అంగుళాలకు సరిచేసిన (సైజ్ చేసిన) బుల్లెట్లు టార్గెట్‌కి అడ్డంగా తగులుతున్నాయని, నాలుగు రౌండ్లకే బ్యారెల్లో సీసం పేరుకుంటోందని అడిగాను.

"లోడ్ చేసిన రౌండ్లోంచి బుల్లెట్ పీకి కొలవండి" అన్న మాటే పనిచేసింది. మెత్తటి సీసం ముక్క తోసి కొలిస్తే బ్యారెల్ గాడుల దగ్గర 0.3565 ఉంది. పీకిన బుల్లెట్ 0.354! నొక్కేస్తున్నది కేసే (బుల్లెట్‌ని, పౌడర్‌ని పట్టి ఉంచే ఇత్తడి గొట్టం), 9 ఎం.ఎం. కేసు గోడ అడుగుకు పోయేకొద్దీ మందం. పైగా కార్బైడ్ రింగున్న క్రింప్ డై (బుల్లెట్ పెట్టాక కేసు మూతిని బిగించే పనిముట్టు) మిగతాది పిండేస్తోంది. సన్నబడ్డ బుల్లెట్ పక్కనుంచి వేడి గ్యాస్ దూరి సీసాన్ని కోసేస్తుంది.

ఇప్పుడు సైజు 0.358, సీసం బుల్లెట్ల కోసం చేసిన పొడవాటి ఎక్స్‌పాండర్ (కేసు మూతిని లోపల్నుంచి వెడల్పు చేసేది), ఆ డై బదులు మూతిని కొద్దిగా లోపలికి వాల్చే మామూలు టేపర్ క్రింప్, అదీ మూతి వెడల్పు పోయేంత వరకే. పీకితే 0.3575 నిలుస్తోంది. బ్యారెల్ విడిగా తీసి రౌండ్ వేస్తే మొదట టక్కున పడలేదు, వేలితో తిరగలేదు. బుల్లెట్ అర మిల్లీమీటరు లోపలికి దించాక కుదిరింది. లోతు పెరిగితే ప్రెషర్ పెరుగుతుంది కాబట్టి పౌడర్ మళ్లీ కనిష్ఠం నుంచే.

లోహం గట్టిదనం, లూబ్ (బుల్లెట్‌కి పూసే కందెన) మార్చడం: నా సమస్యకి రెండూ దండగ.