వేల ఎకరాల గోధుమ సాగు పల్లె నేలను పాడుచేస్తోందా?

గట్టుమీది చెట్టు:
కెనడాలోని సస్కచెవాన్‌లో ఒక్కో కమతం సగటున 1,700 ఎకరాలు దాటింది. అక్కడ ఇండియన్ హెడ్ అనే ఊళ్లోని ప్రభుత్వ నర్సరీ శతాబ్దానికి పైగా ప్రెయిరీ (విశాలమైన గడ్డి మైదానాల) రైతులకు దాదాపు 60 కోట్ల మొక్కలు ఇచ్చింది, పొలాల అంచున గాలికి అడ్డుగా పెంచుకోమని. 2013లో దాన్ని మూసేశారు. తాతలు నాటిన ఆ చెట్లనే ఇప్పుడు చాలాచోట్ల పీకేస్తున్నారు, పెద్ద యంత్రాలు తిరగడానికి అడ్డమని. యంత్రం వెడల్పును బట్టి నేల రూపు మార్చడం తప్పని నా అభిప్రాయం.

నాగలి:
మీ బాధ నిజమే గానీ, సంగతి సగమే చెప్పారండీ. 1935 ఏప్రిల్ 14న అమెరికా మైదానాల్లో పట్టపగలే చీకటి చేసిన దుమ్ము తుఫాను గుర్తుంది కదా? 'నల్ల ఆదివారం' అంటారు. ఆ దుమ్ము లేచేలా గడ్డి నేలను తిరగదున్నినవాళ్లలో 160, 320 ఎకరాల చిన్న రైతులూ ఉన్నారు. ఇప్పుడు దున్నకుండా కొయ్యకాళ్ల మధ్యే విత్తుతున్నారు కాబట్టి మట్టి నిలుస్తోంది. ఆ విత్తే యంత్రం ఖరీదు చిన్న కమతం మోయలేదు. చెట్ల అవసరం తగ్గిందంటే కారణం ఈ దున్నకుండా విత్తడమే.

గట్టుమీది చెట్టు:
దున్నకుండా విత్తడం మంచిదే, ఒప్పుకుంటాను. కలుపు మందు మీద ఆధారపడటం పెరిగిందన్నది వేరే చర్చ. కానీ పశ్చిమ ఆస్ట్రేలియా గోధుమ ప్రాంతానికి మీ జవాబు సరిపోదు. అక్కడ లోతు వేళ్ల చెట్లు ఏడాది పొడవునా నీళ్లు తాగేవి. వాటిని నరికి, కొన్ని నెలలే నేలలో ఉండే గోధుమ వేశారు. మిగిలిన వాన నీరు కిందికి ఇంకి, భూగర్భ జలం పైకి లేచి, అడుగున ఉన్న ఉప్పును తెచ్చింది. 10 లక్షల హెక్టార్లకు పైగా చౌడు తేలింది. దున్నినా, దున్నకపోయినా ఆ నీరు దిగదు. లోతు వేళ్లు మళ్లీ రావాల్సిందే.

పిట్టగూడు:
మనుషుల మాట ఎవరూ ఎత్తలేదేం? కెనడా ప్రెయిరీల్లో 1930లలో 5,000కు పైగా చెక్క ధాన్యపు గోదాములు ఉండేవి. గుర్రపుబండి మీద ధాన్యం తెచ్చి, వెలుతురుండగానే ఇంటికి చేరగలిగేంత దూరంలో కట్టారు. చుట్టూ బడి, అంగడి, పోస్టాఫీసు. ఇప్పుడు కొన్ని వందల కాంక్రీటు గోదాములు మిగిలాయి. చిన్న రైలు దారులు పీకేశాక ఎన్నో ఊళ్లు ఖాళీ అయ్యాయి. నాకు చెట్ల కన్నా ఇదే పెద్ద నష్టం.

నాగలి:
చౌడు విషయంలో మీదే నిజం, గట్టుమీది చెట్టు గారూ. నేను ప్రెయిరీ నేల వరకే ఆలోచించాను. అయితే ఒక దారి ఉంది. కొత్త హార్వెస్టర్లు కోస్తూనే ఏ మూల ఎంత దిగుబడి వచ్చిందో మ్యాప్ గీస్తాయి. ఏటా పెట్టుబడి కూడా రాని పల్లపు ముక్కలు అందులో తేలిపోతాయి. ముందు వాటినైనా వదిలేసి చెట్లకు ఇవ్వొచ్చు.

గట్టుమీది చెట్టు:
ఇవ్వొచ్చండీ. కానీ ఆ ముక్క పొలం నడుమ ఉంటే, అంత వెడల్పు యంత్రాన్ని ప్రతిసారీ చుట్టూ తిప్పడానికి రైతు ఒప్పుకుంటాడా? చెట్లు పోయింది అక్కడే కదా.