రీడ్ స్మూట్ సెనేట్ సభ్యత్వంపై అంత సుదీర్ఘ విచారణ ఎందుకు జరిగింది?

ప్రశ్న:
అమెరికా సెనేటర్ రీడ్ స్మూట్ అనగానే, దిగుమతి సుంకాలను పెంచిన 1930 నాటి స్మూట్–హాలీ సుంకాల చట్టమే గుర్తుకొస్తుంది. ఆయన మోర్మన్ సంఘపు (యూటా కేంద్రంగా ఉన్న అమెరికన్ క్రైస్తవ శాఖ) పన్నెండుమంది అపొస్తలుల్లో, అంటే అగ్రనాయకుల్లో, ఒకరని ఈమధ్యనే తెలుసుకున్నాను. 1903లో యూటా రాష్ట్ర శాసనసభ ఆయనను సెనేట్‌కు ఎన్నుకుంటే, ఆ సభ్యత్వంపై వివాదం 1907 దాకా తేలలేదట. ఆయనకు భార్య ఒక్కరే అయినప్పుడు బహుభార్యాత్వం పేరిట అంత రాద్ధాంతం దేనికి?

మొదటి సమాధానం:
పేరుకు విచారణ స్మూట్ మీద, అసలు గురి ఆయన సంఘం మీద. బహుభార్యాత్వాన్ని విడిచిపెడుతున్నట్లు 1890లో ఆ సంఘం ప్రకటించిన తరువాతే, 1896లో, యూటాకు రాష్ట్ర హోదా దక్కింది. ఆ మాట నిలబెట్టుకున్నారా, అపొస్తలుడైన సెనేటర్ దేశ చట్టానికి కట్టుబడతాడా, సంఘాధ్యక్షుడి ఆజ్ఞకా అన్నవే ప్రత్యర్థుల ప్రశ్నలు. 1904 మార్చిలో సంఘాధ్యక్షుడు జోసెఫ్ ఎఫ్. స్మిత్ స్వయంగా వాషింగ్టన్ వచ్చి, 1890 తరువాత కూడా తన అయిదుగురు భార్యలతో కాపురం చేశానని, పదకొండుమంది బిడ్డలు కలిగారని ఒప్పుకున్నారు. స్మూట్‌కు అంతకన్నా ఇబ్బందికరమైన సాక్ష్యం ఉండదేమో! మరుసటి నెలలోనే, కొత్తగా అలాంటి పెళ్లిళ్లు చేసుకునేవారిని వెలివేస్తామని స్మిత్ రెండో ప్రకటన వెలువరించారు, జాన్ డబ్ల్యు. టేలర్, మథయాస్ కౌలీ అనే ఇద్దరు అపొస్తలులు చివరకు పదవులు వదులుకోవలసి వచ్చింది.

రెండవ సమాధానం:
విచారణ జరిపిన సెనేట్ కమిటీలో అధికులు స్మూట్‌కు వ్యతిరేకంగానే తేల్చారు. అయితే అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఆయన పక్షాన నిలిచారు; 1907 ఫిబ్రవరి 20న సెనేట్‌లో తొలగింపు తీర్మానం 28–42 ఓట్లతో వీగిపోయింది. ఇన్నాళ్లూ ఆయన సభలో తన స్థానంలో కూర్చునే ఉన్నారన్నది చాలామంది మరిచిపోతారు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. మరి ఆయన ఓట్లు సంఘం ప్రయోజనాల వైపు మొగ్గాయా?

మూడవ సమాధానం:
పంచదార సంగతి చూడండి. యూటాలో బీట్‌రూట్ నుంచి పంచదార తీసే పరిశ్రమలో సంఘానికి పెద్ద పెట్టుబడులుండేవి, స్మూట్ దిగుమతి పంచదారపై సుంకాల కోసం పట్టుబట్టేవారు. అయితే అది యూటా రైతుల కోరిక కూడా కనుక, ఆ రెంటినీ విడదీసి ఒకదాన్నే కారణంగా చూపడం న్యాయం కాదని నా అభిప్రాయం. మహామాంద్యం నడుమ 1932లో ఆయనను ఓడించిన ఎల్బర్ట్ థామస్ కూడా మోర్మనే. అపొస్తలుడన్న హోదా మోర్మన్లు అధికంగా ఉన్న యూటాలోనే ఆయనకు అక్కరకు రాలేదు. అపొస్తలుడి పదవిలో మాత్రం ఆయన 1941లో మరణించేదాకా కొనసాగారు.