మెప్మాలో సీఓగా చేరితే పీడీ కుర్చీ దాకా పోవచ్చా?

పానగల్లు పోరడు:
అన్నలు, అక్కలు, ఒక సలహా కావాలె. ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్ పీజీ) అయిపోయి రెండేండ్లు. నల్లగొండలనే ఉంట. మెప్మాల (పట్నాల పేద ఆడోళ్ల పొదుపు సంఘాలను సూసుకునే సర్కారు సంస్థ) కమ్యూనిటీ ఆర్గనైజర్ (సీఓ) పని దొరకొచ్చని తెలిసినాయన చెప్పిండు. పర్మినెంట్ కాదట. నాయినేమో "సర్కారు నౌకరియేనారా?" అని ఒకటే అడుగుతుండు. సీఓ, టీఎంసీ (టౌన్ మిషన్ కోఆర్డినేటర్), డీఎంసీ (జిల్లా మిషన్ కోఆర్డినేటర్), పీడీ (ప్రాజెక్ట్ డైరెక్టర్)... ఇట్ల ఎక్కుకుంట పోవచ్చా? లోపల చేసినోళ్లు చెప్పుండ్రి.

రామగిరి పెద్దాయన:
బాబూ, నేను రిటైరై ఆరేళ్లు. నువ్వు రాసిన మెట్లు కాగితం మీద వరసగానే కనిపిస్తాయి. నేను పనిచేసినన్నాళ్లు మాకొచ్చిన పీడీలంతా వేరే శాఖల నుంచి డిప్యుటేషన్ మీద వచ్చినవాళ్లే. సీఓగా చేరి ఆ కుర్చీలో కూర్చున్న మనిషిని నేనైతే చూడలేదు.

ఈ పని కొత్తదేం కాదు. హైదరాబాద్‌లో యూసీడీ (అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్) అని 1967లోనే మొదలైంది. ముందు బస్తీలో కూర్చుని వాళ్లకేం కావాలో అడగాలి, ఆ తర్వాతే పని మొదలుపెట్టాలి, అదీ పద్ధతి. 1997లో స్వర్ణజయంతి పథకం, 2007లో మెప్మా, 2013లో జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్. పథకం మారినప్పుడల్లా రిజిస్టర్ల మీద కొత్త పేరు కాగితం అంటించేవాళ్లం. సంఘాలు మాత్రం పాతవే!

పాలమూరు సంఘం అక్క:
తమ్మీ, నేను పదకొండేండ్ల సంది సీఓని. పెద్ద సారు చెప్పింది నిజమే. కానీ పని సంగతి కూడా ఇను.

మా దిక్కు వలస ఎక్కువ. సంఘంల పది మంది ఉంటే ముగ్గురు పుణెల మేస్త్రీ పనికాడ ఉంటరు. బ్యాంకోళ్లకేమో పది సంతకాలు కావాలె. పీర్ల పండుగకు ఊరికొస్తరు సూడు, అప్పుడు పట్టుకోవాలె అందర్ని. మీటింగు పొద్దుగాల ఆరుకే పెడ్త. ఎనిమిదైతే అడ్డ మీదికి పోతరు.

ఒకపారి ఏమైందంటే, సంఘం పుస్తకంల రెండు నెలల కిస్తు కట్టినట్టు రాసుంది. బ్యాంకు పాస్‌బుక్కుల లేదు. పైసలు లీడరు కాడ ఆగినయి. అప్పుడే కొత్తగొచ్చిన సారు "కేసు పెట్టుండ్రి" అన్నడు. నేను పెట్టియ్యలే. అందర్ని ఏపచెట్టు కింద కూసోబెట్టి, రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి, ఒక్కో తారీఖు గట్టిగ చదివిన. ఎవ్వర్ని ఏమనలే. మూడో తారీఖుకు వచ్చేసరికి ఆమెనే ఏడ్చుకుంట చెప్పింది, బిడ్డ కాన్పుకు వాడుకున్ననని. సంఘమోళ్లే కొట్లాడి కొట్లాడి ఆఖరికి దాన్ని ఆమె పేరు మీద లోపలి అప్పు కింద రాసిండ్రు. తొమ్మిది నెలల్ల తీర్చింది. కేసు పెట్టుంటే సంఘం ఇరుగుతుండె, బాకీ మునుగుతుండె. ఆ సారు ఏడాది తిరగకముందే బదిలీ అయిపోయిండు. సంఘం ఇంకా నడుస్తుంది.

గడియారం సెంటర్ ఆర్పీ:
సీఓకే ఇంత ఆలోచిస్తే మా ఆర్పీల (రిసోర్స్ పర్సన్ల) గతేంది తమ్మీ? మేం సంఘం సభ్యులమే, గౌరవ వేతనం మీద చేస్తం. 2020ల వీధి వ్యాపారుల లోను మొదలైంది గద, అప్పట్ల మొదలు 10 వేలు ఇచ్చెటోళ్లు, అది కడితే 20 వేలు, అదీ కడితే 50 వేలు. ఒక ఆకుకూరల అవ్వకు దరఖాస్తు పెట్టినం. ఆధార్‌కు ఎక్కిన నంబరు ఆమె కొడుకుది, ఆయనేమో హైదరాబాద్‌ల డ్యూటీల ఉన్నడు. ఓటీపీ మూడుసార్లు వచ్చిపోయింది. నాలుగోపారి ఫోనెత్తి "నువ్వెవరు, ఓటీపీ అడుగుతున్నవ్, పోలీసులకు చెప్తా" అని నన్నే తిట్టిండు. అవ్వ పక్కనే కూసొని "మంచిగ చెప్పిండు నా కొడుకు" అని మురిసిపోతుంది!

గ్రూప్స్ బ్యాచ్:
బ్రో, కుర్చీ కావాలంటే దారి వేరే ఉంది. గ్రూప్-1 రాస్తే గ్రేడ్-2 మున్సిపల్ కమిషనర్, గ్రూప్-2 రాస్తే గ్రేడ్-3. కాకపోతే 2022 గ్రూప్-2 నోటిఫికేషన్‌లో 783 పోస్టులుంటే కమిషనర్లవి 11. పరీక్ష పెట్టేసరికి 2024 డిసెంబర్ అయింది. ఆ రెండేండ్లు చేతిల ఏదో ఒక పని ఉండాలె కదా. సీఓగా చేరి చదువుకో.

రామగిరి పెద్దాయన:
చదువుకోమనడం బాగానే ఉంది. కానీ కమిషనర్ టేబుల్ మీద ఇంటిపన్ను, చెత్త, లేఅవుట్లు, కోర్టు కేసులు ఉంటాయి. సంఘాల ఫైలు వాటన్నిటి అడుగున ఉంటుంది. అయితే మీటింగుల్లో కూర్చుని వచ్చినవాడు ఆ ఫైలు పైకి తీస్తాడు. అట్లాంటి కమిషనర్ దగ్గర నేను రెండేళ్లు చేశాను. నా సర్వీసంతటికీ ఆ రెండేళ్లే గుర్తున్నాయి.

పానగల్లు పోరడు:
నాయినకు పర్మినెంట్ కాదనే చెప్త. గ్రూప్-2 పుస్తకాలు పక్కనుంచుకొని చేరుదామనుకుంటున్న. అక్కా, చేరకముందు ఒక్కసారి మీ మీటింగు సూడొచ్చా? పాలమూరు వస్త.

పాలమూరు సంఘం అక్క:
రా తమ్మీ. ఐతారం ఆరు గంటలకు. బండి సడకు మీదనే ఆపి గల్లీలకు నడిసి రా, బండి మీదొస్తే ఫైనాన్సోడు వచ్చిండని సగం మంది తలుపులేసుకుంటరు.

గడియారం సెంటర్ ఆర్పీ:
ఫోన్ ఫుల్ ఛార్జింగ్ పెట్టుకొని పో. ఓటీపీలు నీతోటే చెప్పిస్తది అక్క.